బొమ్మలో దారి

గంపలో ఎండుగడ్డి పరిచి, మొదటి వరస కాయలు ముచ్చికలు కిందికి ఉండేలా పేరుస్తుండగా పాలేరు పరదేశి వచ్చి అయ్యగారు పిలుస్తున్నారని చెప్పాడు. సవరమ్మ చేతిలో ఉన్న చిన్నరసం మామిడికాయను గంపలో పెట్టింది. దాని పక్కన ఇంకొకటి పెట్టి వరస బిగించాకే లేచింది. వరస సగంలో వదిలేస్తే కాయ దొర్లుతుంది, దొర్లితే దెబ్బ తగులుతుంది. దెబ్బతిన్న కాయ ఒక్కటి చాలు, బెజవాడ చేరేలోపు గంపంతా చెడిపోవడానికి.

పాక ముందు పడక కుర్చీలో తోట యజమాని లక్ష్మీనరసింహారావు కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కన స్టూలు మీద, ఒళ్ళో రేకు పెట్టె పెట్టుకుని, సన్నటి మనిషి ఒకాయన ఉన్నాడు. కొత్త ఎండకు ఆయన ముక్కు మీద తోలు లేచిపోయింది. ఈయన నారాయణరావు గారని, చేపల శాఖ ఇన్‌స్పెక్టరని, మూడు రోజుల పాటు వాగు వెంబడి తిరుగుతారని, వాగు సంగతి నీకంటే తెలిసినవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి తోడు వెళ్ళమని యజమాని సవరమ్మకు చెప్పాడు. ఆ మూడు రోజులూ గంపల దగ్గర ఉన్నట్టే లెక్క అన్నాడు. ఆమె కొంగుతో చేతుల సొన తుడుచుకుంటూ తలూపింది. వెళ్ళబోతుంటే మళ్ళీ పిలిచాడు.

"పెద్దతోట లోపలికి మాత్రం తిప్పకు. చెట్లు కాపు మీదున్నాయి."

వాగు తమ్మిలేరు ఏట్లో కలిసే చోటు నుంచి మొదలుపెట్టి పైకి నడిచారు. వైశాఖం కావడంతో నీళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోయి, ఇసకలో మడుగులు మడుగులుగా మిగిలాయి. నడుస్తూ ఇన్‌స్పెక్టరు తన పని చెప్పుకొచ్చాడు. వానలకు కొల్లేటి నుంచి చేపలు ఎదురెక్కి ఇలాంటి వాగుల్లోకి వస్తాయట, పిల్లలు ఇక్కడ పెరుగుతాయట. ఎండాకాలం ఏ మడుగు ఎండకుండా ఉంటే ఆ మడుగులో పిల్లే మరుసటేడు చేప. ఏ వాగులో ఏ మడుగు నిలుస్తుందో చూడాలంటే నడిచి తేలే పని కాదు. అందుకని విమానంలోంచి బొమ్మలు తీశారు. బొమ్మలో నల్లగా కనిపించేది నీరు. ఈ ఒక్క వాగు మీద నడిచి, బొమ్మలో నలుపూ నేల మీది నీరూ సరిపోయాయని తేలితే, మిగిలిన వాగులన్నీ బల్ల దగ్గర కూర్చునే చదవచ్చు.

ఆ బొమ్మ రేకు పెట్టెలో, రెండు అట్టల మధ్య ఉంది. బయటికి తీసేముందు ఆయన చేతులు చొక్కాకు తుడుచుకునేవాడు. దాని మూల మీద ఎర్రసిరా ముద్ర ఉంది. బయటివాళ్ళకు చూపించకూడదని చెప్పి, గుండెల కేసి తిప్పుకుని చూసుకున్నాడు. సవరమ్మకు వెనకవైపు తెల్ల కాగితమే కనిపించింది.

మొదటి నలుపు దగ్గర నీళ్ళే ఉన్నాయి. ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి దిగి, పలచటి గుడ్డ వలను ఒడ్డు వెంబడి లాగి, వచ్చిన పిల్లలను తెల్లటి పింగాణీ పళ్ళెంలో పోశాడు. కోడి ఈకతో ఒక్కొక్కదాన్నీ పక్కకు జరుపుతూ లెక్కపెట్టాడు. పరిగె పిల్లలు, జెల్ల పిల్లలు. మళ్ళీ నీళ్ళలో వదిలేశాడు. గడకర్రతో లోతు చూశాడు. ఆ తర్వాత సూది తీసి, బొమ్మలో ఆ చోట గుచ్చి, వెనక్కి తిప్పి, చిల్లు చుట్టూ పెన్సిలుతో సున్న చుట్టి అంకె వేశాడు. బట్టలు కుట్టే సూదే అది.

రెండో నలుపు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ బూడిదలో నిలబడి ఉన్నారు.

ఆయన బొమ్మ చూశాడు, నేల చూశాడు. "ఇక్కడ నల్లగా ఉండాలే," అన్నాడు, ఎవరో తనను మోసం చేసినట్టు.

"నల్లగానే ఉందిగదండీ. ఇటుకల ఆవం. పోయినేడు కాల్చారు."

మూడోది నీళ్ళే. అక్కడ సూది గుచ్చుతుంటే, గుర్తు పెట్టాక ఏం చేస్తారని ఆమె అడిగింది. బోర్డు పాతుతారని, ఆ రోజు నుంచి దసరా దాకా అందులో ఎవరూ వలగానీ ఊతగానీ వేయకూడదని ఆయన చెప్పాడు. ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. సవరమ్మ చెవి ఊత అన్న మాట దగ్గరే ఆగిపోయింది. చేపల మీద బోర్లించి పట్టే వెదురుబద్దల ఊత ఒకటి ఆమె ఇంటి చూరుకు వేలాడుతోంది. నిన్న వాడిన తడి ఇంకా ఆరలేదు.

అక్కణ్ణుంచి వాగు పెద్దతోటను ఆనుకుని వంపు తిరుగుతుంది. ఆ వంపులో మామిళ్ళ కొమ్మలూ నేరేళ్ళ కొమ్మలూ కలిసిపోయి నీళ్ళను పూర్తిగా కప్పేశాయి. సవరమ్మ ఉండే పేట ఆడవాళ్ళు దాన్ని నేరేళ్ళ మడుగు అంటారు. అది ఎండగా ఎవరూ చూడలేదు. ఇన్‌స్పెక్టరు ఆగి, ఇక్కడన్నీ చెట్లే చూపిస్తోంది, లోపల ఏమైనా ఉందా అని అడిగాడు.

"ఏం లేదండి. ముళ్ళతుప్పలు. పాములుంటయ్," అంది సవరమ్మ.

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె ముందు నడిచి, కంపలో నుంచి గట్టెక్కించి, వంపు దాటించింది. వీపు మీద ఎవరో చెయ్యి వేసినట్టు వెనక్కి చూడబోయి మానుకుంది.

ఇంటికి వచ్చేసరికి కూతురు లేయా గుమ్మంలో పిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చుని ఉంది. పురిటికి వచ్చి, కాన్పై ఇరవై రోజులైంది. పాలు సరిగా పడలేదు. పిల్ల రొమ్ము పట్టుకుని నాలుగు గుక్కలు లాగి, వదిలేసి, ముఖం ఎర్రగా చేసుకుని ఏడుస్తోంది. చిన్నచేపల పులుసు పెడితే పాలు పడతాయని మంత్రసాని చెప్పింది. వారం నుంచి పెడుతుంటే కొంచెం నయంగా ఉంది. పొద్దు ఇంకా ఉండగానే సవరమ్మ ఊత దించి, ఆడపడుచు జోజమ్మను కేకేసి మడుగుకు బయల్దేరింది.

చర్చి వెనక బావి దగ్గర నుంచి తాటిచెట్ల వరస పక్కగా, తోట కంచె సందులో నుంచి ఒక కాలిదారి మడుగుకు పోతుంది. నీళ్ళు మోకాలి పైకి ఉన్నాయి, చల్లగా ఉన్నాయి. జోజమ్మ ఊత వేసి, పైకంతలోంచి చెయ్యి పెట్టి తడిమి, గొరక చేపను పట్టి కొంగులో వేసుకుంది. అవతలి మూల, వేళ్ళ దగ్గర, నీటి మీద ఎర్రగా ఉడికినట్టు కదులుతోంది. కొర్రమీను పిల్లలవి, వందల కొద్దీ ఒక్క ముద్దగా ఉన్నాయి. వాటి కింద తల్లి ఉంటుంది. ఆ ఎరుపు ఉన్న వైపు పేటలో ఎవరూ ఊత వేయరు. వేస్తే చేయి విరుస్తామని పెద్దవాళ్ళు చెప్పలేదు. అసలు ఎవరూ ఏమీ చెప్పలేదు. అటు వేయరు, అంతే.

సవరమ్మ జరిగినదంతా చెప్పింది. జోజమ్మ ఊత ఎత్తి వేస్తూ వింది.

"పాములని బాగా చెప్పావొదినా. నేనైతే కొండచిలువ అందును."

సవరమ్మకు నవ్వు రాలేదు. రేపు ఆయన వేరే ఎవరినైనా అడిగితే ఏమవుతుందని ఆలోచిస్తోంది.

రెండో రోజు మధ్యాహ్నం ఎండకు నడవలేక పాకకు చేరారు. గంపల వాళ్ళు అన్నాలకు పోయారు. ఇన్‌స్పెక్టరు ఒక ఖాళీ గంపను బోర్లించి, దాని మీద అట్ట వేసి, రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టాడు. వాటి మీద నాలుగు సన్న కాళ్ళున్న అద్దాల సామాను ఒకటి నిలబెట్టాడు. కళ్ళజోడు బల్లెక్కి నిలుచున్నట్టుంది. ఆయన అందులోకి వంగి చాలాసేపు చూసి, మెడ నొక్కుకున్నాడు. ఏ తోట గట్టు ఏదో తెలియడం లేదని, ఆమె చూసి చెబితే పని తేలిక అవుతుందని అన్నాడు. తర్వాత గుమ్మం వైపు చూసి, ఈ సంగతి ఎవరితోనూ అనవద్దన్నాడు.

సవరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు ఆనించింది. మొదట రెండు బొమ్మలు కనిపించాయి. కాసేపటికి ఒకటి జరిగి రెండోదాని మీదికెక్కింది, ఆ క్షణాన చెట్లన్నీ లేచి నిలబడ్డాయి. ఆమె గంప అంచు గట్టిగా పట్టుకుంది. చెట్ల తలకాయలు పైకి, వాగు గొయ్యి కిందికి. తాను తాటిచెట్టెక్కి చూస్తున్నట్టుంది. భయం తగ్గాక ఒక్కొక్కటీ గుర్తుపట్టసాగింది. ఇది పెద్దతోట. ఇది ముసునూరు రోడ్డు. ఇది చర్చి, పక్కన బావి. బావి వెనక మూడో కప్పు తనది. ఆయన పక్కనుంచి రాసుకుంటున్నాడు.

అప్పుడు ఆమెకు దారులు కనిపించాయి. తెల్లదారాలు పరిచినట్టు నేలంతా ఉన్నాయి. నేల మీద నడిచేటప్పుడు ఇన్ని దారులున్నాయని ఎవరికీ తెలియదు. బండ్లవి జోడు గీతలు. పశువులవి చెదిరిన గీతలు. బావి వెనక నుంచి ఒక సన్నటి గీత, తాళ్ళ నీడలను తాకుతూ తిన్నగా పెద్దతోట వంపు దాకా పోయి, ఆకుల్లో దూరింది. రెండో పక్క బయటికి రాలేదు.

సవరమ్మ తల వెనక్కి లాగేసుకుంది. ఏమైందని ఆయన అడిగాడు. కళ్ళు తిరిగాయంది. అది మామూలేనని, మొదటిసారి అందరికీ అలాగే ఉంటుందని చెప్పి, ఆయన తానే అద్దంలోకి వంగాడు. ఆయన చేతిలో సూది ఉంది. ఆ సూది మొన వంపు మీదుగా జరుగుతుంటే సవరమ్మ దాన్నే చూస్తూ కూర్చుంది. కాస్సేపు ఆగింది. మళ్ళీ జరిగింది. ఆయన వాగు నలుపునే వెతుకుతున్నాడు. తెలుపు ఆయనకు అక్కరలేదు. ఇవాళ అక్కరలేదు, రేపు కనిపించదని ఏమిటి?

మూడో రోజు తెల్లవారుతుండగానే ఆమె తోటలో రాలిన మామిడాకులు గంపకెత్తి, కాలిదారి పొడవునా చల్లడం మొదలుపెట్టింది. మట్టి కనిపించకుండా చల్లి, గాలికి లేవకుండా అక్కడక్కడ కంప వేసింది. తాళ్ళ వరస దాకా వచ్చేసరికి నడుం పట్టేసింది. బిందెతో వచ్చిన జోజమ్మ నిలబడి చూసింది.

"ఏంటొదినా, దారికి పక్కేస్తన్నావా?"

విమానం బొమ్మలో ఈ దారి కనిపిస్తోందని సవరమ్మ చెప్పింది. ఇవాళ ఆయన మళ్ళీ ఆ బొమ్మ చూస్తాడని, అప్పటికి దారి కనపడకూడదని, ఎవరూ ఇటు నడవొద్దని, గట్టు మీదుగా చుట్టు తిరిగి పొమ్మని పేటలో చెప్పమంది. జోజమ్మ ఆకాశం వంక చూసి, బిందె దించి, తనూ ఒక ఒడి నిండా ఆకులు తెచ్చి చల్లింది.

పొద్దున పనంతా సవరమ్మ ధ్యాస ఆకుల మీదే ఉంది. మధ్యాహ్నం పాకలో ఆయన సామాను సర్దుతుంటే, ఇంకొక్కసారి చూస్తానని అడిగింది. ఆయన నవ్వి జరిగాడు.

గీత అలాగే ఉంది. ఒక్క ఆకు లేదు. కంప లేదు. నిన్నటిలాగే తెల్లగా, బావి నుంచి చెట్లలోకి.

ఆమె కళ్ళు నులుముకుని మళ్ళీ ఆనించింది. ఇటుకల ఆవం మీద ఒక తెల్లటి మరక ఉంది. నిన్న దాన్ని పట్టించుకోలేదు. కాగితం గీరుకుపోయిందనుకుంది. ఆ మరక పొగ. చల్లారిన ఆవానికి పొగెక్కడిది? ఇది ఎప్పటి బొమ్మ అని అడిగింది. చైనా యుద్ధం ఆగిన చలికాలంలో తీసిందని, అప్పటి నుంచి అలాగే ఉందని, ఎన్నాళ్ళైనా అలాగే ఉంటుందని ఆయన చెప్పాడు. పొగ అని ఆమె చెబితే ఆశ్చర్యపోయి, పుస్తకంలో ఆ మాట రాసుకున్నాడు.

సవరమ్మకు ఆ విమానం గుర్తొచ్చింది. దుక్కి దున్నినట్టు అటొకసారి ఇటొకసారి పోయింది. చైనా వాళ్ళు ఇక్కడి దాకా వచ్చారనుకుని, మడుగులో ఊతలు వేస్తున్న ఆడవాళ్ళంతా నేరేళ్ళ కిందికి పరుగెత్తి, ఒకరినొకరు పట్టుకుని నీళ్ళలో నిలబడ్డారు. లేయాకు అప్పటికింకా పెళ్ళి కాలేదు. అంటే ఆ ఆకుల కింద తామంతా ఉన్నారు. ఆయన చూస్తున్నది తమ నెత్తి మీది ఆకులు.

సాయంత్రం లక్ష్మీనరసింహారావు వచ్చి కూర్చుని, ఇన్‌స్పెక్టరు ముందు కోసిన బంగినపల్లి ముక్కల పళ్ళెం పెట్టించాడు. ఎన్ని గుర్తులు పడ్డాయని మాటల మధ్యలో అడిగాడు. ఏడు, అన్నాడు ఆయన. పెద్దతోట వంపులో ఏమీ లేదా అని అడిగితే, చెట్లేనని, ముళ్ళతుప్పలని మీ సవరమ్మ చెప్పిందని అన్నాడు. యజమాని సవరమ్మ వైపు చూశాడు. అంత సేపు ఆయన ఎప్పుడూ ఆమెను చూడలేదు. పళ్ళెం ఇంకొంచెం ఇన్‌స్పెక్టరు వైపు జరిపాడు.

దీపాలు పెట్టే వేళకు పరదేశి ఇంటికి వచ్చి, నెత్తి మీద గంప దించాడు. నిండా చిన్నరసాలు. దెబ్బ కాయలు కావు, వరసలో పేర్చే కాయలు. అయ్యగారు పంపారన్నాడు. ఇది ఎందుకని సవరమ్మ అడిగింది.

"నీ నోటి మంచితనానికి. నేరేళ్ళ మడుగు మాట ఎత్తలేదంటగా?"

ఆమెకు అర్థం కాలేదు. పరదేశి గుమ్మంలో చతికిలబడి, మంచినీళ్ళు తాగి, తీరిగ్గా చెప్పాడు. నూజివీడులో ఆయిల్ ఇంజను కొన్నారు. రేపు బండి మీద వస్తుంది. కొత్తగా వేసిన మూడెకరాల అంటుమొక్కలకు ఈ వేసవిలో తడి కావాలి. మడుగును రెండు రోజులు తోడితే అడుగంటుతుంది, మొక్కలకు తడి సరిపోతుంది. వాగు పోరంబోకు కాబట్టి తాలూకా ఆఫీసు కాగితం ఉండాలి, చేపల వాళ్ళు గుర్తు పెట్టిన మడుగుకైతే ఆ కాగితం ఇవ్వరు. ఇప్పుడిక అడ్డం లేదు.

"ఇంజను పెట్టకూడదని కూడా ఉందా ఆ గుర్తులో?" అంది సవరమ్మ.

"ఊతా వద్దు, ఇంజనూ వద్దు. ఆయన నీకు చెప్పలా?"

చెప్పాడు. ఊత అన్న తర్వాత ఆయన ఇంకేదో చెబుతూనే ఉన్నాడు. పరదేశి వెళ్ళాక లేయా ఒక కాయ తీసి వాసన చూసింది. తల్లి ముఖం చూసి మళ్ళీ గంపలో పెట్టేసింది.

ఇన్‌స్పెక్టరు బస స్కూలు వరండాలో. బస్సు పొద్దున ఎనిమిదింటికి. సవరమ్మ మామిడిపళ్ళ గంప నెత్తిన పెట్టుకుని ముందు తోటకు వెళ్ళి, పాక గుమ్మంలో దాన్ని దించింది. ఎవరూ లేరు. గంప కింద నెత్తికి పెట్టుకునే చుట్ట గుడ్డ అక్కడే మర్చిపోయినట్టు గుర్తొచ్చి కూడా వెనక్కి పోలేదు. అక్కణ్ణుంచి ఇంచుమించు పరుగున వెళ్ళింది. ఆయన పరుపు చుట్టి, రేకు పెట్టెకు తాళం వేసి, మెట్ల మీద నిలబడి ఉన్నాడు. బస్సు హారను ఎక్కడో దూరంగా వినిపించింది.

పెట్టె ఒక్కసారి తీయాలని ఆమె అడిగింది. ఆయన కుదరదన్నాడు. అసలు ఆ బొమ్మ ఆమెకు చూపించడమే తప్పు, ఇప్పుడు రోడ్డు మీద తీయడమా అన్నాడు. ఆమె పెట్టె పట్టుకుంది. పట్టుకున్నాక తనే బెదిరి వదిలేసింది. ఆయన ఆ చేతుల వంక చూశాడు. సొన కాల్చిన నల్లమచ్చలు మణికట్ల దాకా ఉన్నాయి. వరండా లోపలికి నడిచి తాళం తీశాడు.

సవరమ్మ వేలు బొమ్మకు తగలకుండా, పైన గాలిలో పెట్టి చూపించింది. "ఇక్కడ మడుగుందండి. నేను అబద్ధం చెప్పాను."

ఆయన వేలి కిందికి చూసి, అక్కడ చెట్లున్నాయన్నాడు. ఆమె వేలు వెనక్కి జరిపి, బావి దగ్గర నుంచి గీత వెంట మళ్ళీ చెట్ల దాకా తెచ్చింది.

"ఇది ఏంటి?"

"మేం నడిచిందండి."

ఆయన భూతద్దం తీశాడు. పశువుల దారి అయ్యుంటుందన్నాడు, అయినా భూతద్దం దించలేదు.

"పశువులు నీళ్ళు తాగి అవతలి గట్టెక్కి పోతయ్యండి. గీత అటు పక్కకి వస్తది. ఇది చూడండి, లోపలే ఆగింది. మేం ఎటెళ్ళామో అటే తిరిగొస్తాం."

బస్సు వచ్చి స్కూలు ముందు ఆగింది. కండక్టరు రెండుసార్లు పిలిచాడు. ఇన్‌స్పెక్టరు తల ఎత్తకుండానే పొమ్మని చెయ్యి ఊపాడు. మూడు రోజులు పక్కన నడిచి ఎందుకు దాచావని అడిగాడు, కోపంగానే. ఇంట్లో బాలింత ఉందని ఆమె చెప్పింది. ఆయన బొమ్మ, వల, పళ్ళెం తీసుకుని ఆమె వెంట బయల్దేరాడు.

కాలిదారి మొదట్లోనే ఆయన ఆగిపోయి, ఈ ఆకులేమిటి, ఈ కంప ఏమిటి అన్నాడు. సవరమ్మ సిగ్గుపడి, వంగి కంప లాగి పక్కన పడేసింది. కాళ్ళతో ఆకులు నెట్టుకుంటూ ముందు నడిచింది. కంచె సందు దూరి, కొమ్మల కిందికి వంగి, నీళ్ళ అంచున నిలబడ్డారు. ఎండలోంచి వచ్చిన కళ్ళకు కాసేపు ఏమీ కనిపించలేదు. తర్వాత నీరు కనిపించింది.

ఒక్కసారే లాగాడు వల. పళ్ళెం నిండిపోయింది. ఈకతో జరుపుతూ నలభై దాకా లెక్కపెట్టి, లెక్క తప్పి, మళ్ళీ మొదలుపెట్టాడు. ఏడు మడుగుల్లో కలిపి ఇన్ని లేవు అన్నాడు, తనలో తను. అవతలి మూల ఎర్రటి ముద్ద నీటి మీదికి తేలింది. ఆయన వల పట్టుకుని అటు ఒక అడుగు వేయగానే సవరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"అటొద్దండి. కింద తల్లుంటది."

ఆయన ఆగాడు. వల మడిచి భుజాన వేసుకుని, ఆ ఎరుపును చాలాసేపు చూశాడు.

గట్టు మీదికి వచ్చి, ఆకులు తప్ప ఏమీ కనిపించని చోట బొమ్మలో సూది గుచ్చాడు. వెనక్కి తిప్పి, సున్న చుట్టి, ఎనిమిది వేశాడు. మడుగు పేరు అడిగి రాశాడు. ఎలా తెలిసింది అన్న చోట కాలిదారిని బట్టి అని రాశాడు. దాని కింద, చూపించినది సవరమ్మ అని పైకి అంటూ రాస్తుంటే ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. పేరు వద్దని అందామనుకుంది. కాగితం మీద పేరు అప్పటికే పడిపోయింది.

"విమానం మళ్ళీ ఎప్పుడో వస్తుంది. అప్పుడు నేనుండను, ఇంకెవరో చూస్తారు. ఈ నీళ్ళు వాళ్ళకి కనపడవు. దారి కనపడితేనే తెలుస్తుంది," అన్నాడు ఆయన.

తోట గట్టున పరదేశి నిలబడి వాళ్ళిద్దరినీ చూస్తున్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు.

ఆ మధ్యాహ్నం ఇంజను బండి వచ్చి, తోటలో పాత బావి దగ్గర ఆగింది. బావిలో నీళ్ళు గంటకే అడుగంటి ఇంజను ఆగిపోయిన చప్పుడు పేట దాకా వినిపించింది. మర్నాడు సవరమ్మ పాకకు వెళ్ళేసరికి తన చోట ముసునూరు నుంచి వచ్చిన వేరే ఆమె కూర్చుని గడ్డి పరుస్తోంది. కాపు అయిపోవచ్చింది, ఇక మనుషులు చాలన్నారని పరదేశి చెప్పాడు. అతని వెనక నలభై గంపల కాయ పేర్చకుండా ఉంది. సవరమ్మ ఆ కొత్తామె పేర్చిన వరస చూసింది. ముచ్చికలు పైకి పెట్టింది. చెబుదామనుకుని, చెప్పకుండా వచ్చేసింది.

మూడో రోజున బోర్డు పాతారు. పేటలో ఆడవాళ్ళు ఆమెతో మాటలు మానేశారు. దాచినది తెలిసి అందరూ మెచ్చుకున్నారు, చెప్పినది తెలిసి ఒక్కరూ గుమ్మం తొక్కలేదు. దసరా దాకా ఏం తింటామని జోజమ్మ బావి దగ్గర నలుగురూ వినేలా అంది. ఇంజను సంగతి సవరమ్మ చెప్పబోతే, బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. సవరమ్మ ఊత చూరు మీంచి దించి, అటక మీద పడేసింది. పొద్దున్నే లేచి రెండు మైళ్ళు నడిచి, తమ్మిలేటి ఇసక గుంటల్లో తడిమి, దోసెడు పరిగెలు తెచ్చింది. పులుసు పలచగా వచ్చింది. లేయా గిన్నె ఎత్తి తాగింది.

ఆదివారం పొద్దున సవరమ్మ ఖాళీ చేతులతో బావి వెనక్కి వెళ్ళింది. ఊత లేకుండా ఎక్కడికని లేయా గుమ్మంలోంచి అడిగింది. ఇప్పుడే వస్తానంది. దారిలో ఆకులు ఇంకా అక్కడక్కడ మిగిలి ఉన్నాయి. వాటి సందుల్లో, రెండు వేళ్ళ ఎత్తున, మొన్న పడ్డ జల్లుకు పచ్చిక మొలిచింది. నాలుగు రోజులు ఎవరూ తొక్కకపోతే ఇంత. దసరాకు ఎంతవుతుంది? ఆమె గడ్డి మీద కాలు ఆనించి, గట్టిగా నొక్కి, రెండో అడుగు వేసింది. తాళ్ళ వరస దాటి, కంచె సందు దూరి, నీళ్ళ దగ్గర నిలబడింది. ఎరుపు మూల నుంచి కొంచెం బయటికి వచ్చింది. పిల్లలు పెరిగాయి. ఊరికే చూసి, వచ్చిన దారినే వెనక్కి తిరిగింది.

మర్నాడూ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. ఎందుకని లేయా అడిగితే ఇంజను సంగతీ, దారి గురించి ఆయన అన్న మాటా చెప్పింది, అవి లేయా నోట బావి దగ్గరికి చేరాయి. నాలుగో రోజు తాళ్ళ వరస దగ్గర వెనక నుంచి అడుగుల చప్పుడు వినిపించింది. పరదేశేమో అనుకుంది. తల తిప్పి చూసింది.

జోజమ్మ. చేతిలో ఊత లేదు, బిందె లేదు. ఆమె వెనక ఇంకో ఇద్దరున్నారు. జోజమ్మ ముఖం ఇంకా ముడుచుకునే ఉంది. నడుస్తూ నడుస్తూ, అడ్డమొచ్చిన ఆకుల కుప్పను కాలితో పక్కకు నెట్టి, ఆ కిందున్న పచ్చికను మడమతో రెండుసార్లు తొక్కింది.

"నడువొదినా," అంది.